అన్యుల ఆవరణ

8 జూన్ 2024, శనివారం

ఇరవై ఆరుగురు వచ్చారు. ఆరాధనను ఆదివారం నుంచి శనివారానికి మార్చి ఇది నాలుగో వారం. అంతకుముందు డెబ్బై మంది దాకా వచ్చేవారు. గనుల్లో కూలికి పోయేవాళ్లకు శనివారం సెలవు దొరకదని నా భార్య విశ్వాసమ్మ గొణుగుతోంది. దేవుని ప్రజలు ఏ కాలంలోనూ గుంపుగా లేరు, కొద్దిమందే మిగిలారు అని, మాకు ఈ శనివారం ఆరాధన నేర్పిన కడప పెద్దాయన అన్నారు. నాకూ అదే నిజమనిపిస్తోంది.

ఈ రోజు నల్లబల్ల మీద యెరూషలేము దేవాలయం పటం గీశాను. మధ్యలో అతి పరిశుద్ధ స్థలం. దాని చుట్టూ యాజకుల ఆవరణ, తర్వాత ఇశ్రాయేలు మగవాళ్లది, తర్వాత ఆడవాళ్లది. అన్నిటికీ బయట అన్యుల ఆవరణ. దానికీ లోపలికీ మధ్య ఒక గోడ. ఆ గోడ దాటిన అన్యునికి చావే అని రాయి మీద చెక్కించి పెట్టారని చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఇన్నేళ్లలో నా పాఠం ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

సోమన్న లేచి అడిగాడు. "అయ్యగారూ, ఈ పటంలో మనం యాడుండాం?"

సుద్దముక్కతో బయటి ఆవరణలో చుక్క పెట్టి చూపించాను.

అతను ఆ చుక్కను చాలాసేపు చూశాడు. "ఈడ గూడా బయటేనా?" అన్నాడు.

ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. సోమన్నది మాదిగవాడ. యాభై నాలుగేళ్లు. నాపరాళ్ల గనిలో పని. మందిరంలో పరిచిన బండలన్నీ అతను మోసుకొచ్చి వేసినవే.

క్రీస్తు ఆ గోడను పడగొట్టాడన్నది పాఠంలో రెండో సగం. వేళ మించిపోయింది. వచ్చే వారం చెప్పాలి.

11 జూన్, మంగళవారం

విశ్వాసమ్మతో మాటా మాటా పెరిగింది. ఆమె చదివింది పదో తరగతి. నేను మూడేళ్లు దైవశాస్త్రం చదివాను.

"ఆ కాలంలో గూడా కొందరు ఇదే పని చేసినారు గదా" అంది. "నమ్మిన అన్యుల కాడికి పోయి, నమ్మితే చాలదు, సున్నతి గూడా కావాలని చెప్పినారు. వాళ్ల మీద పౌలు ఎంత కోపపడినాడు. పెద్దలంతా యెరూషలేములో కూచొని, అన్యుల మీద ఈ బరువు పెట్టొద్దని తీర్మానం చేసినారు. మీరే గదా నాకు నేర్పింది."

అది అంత తేలికైన విషయం కాదన్నాను. అడవి ఒలీవ కొమ్మను తెచ్చి మంచి చెట్టుకు అంటుకట్టారు. కొమ్మ వేరును మోయదు, కొమ్మను మోసేది వేరు. ఆ వేరు ఇశ్రాయేలు. మనం దాని దగ్గరకు తిరిగి పోవాలి.

"దగ్గరకు పోయేదేంది? అంటుకట్టినాక ఆ చెట్టులోనే గదా ఉండేది" అంది.

ఆమెకు అర్థం కాదు. మా ముత్తాత కరువులో మిషన్ గంజి కోసం బాప్తిస్మం తీసుకున్నాడని ఊళ్లో ఇప్పటికీ అంటారు. చిన్నప్పుడు బడిలో నన్ను గంజి అనే పిలిచేవారు. నా విశ్వాసానికి గంజికుండ కంటే పాత మొదలు ఒకటి ఉందని ఫిబ్రవరిలో కడప పెద్దాయన చెప్పినప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. అది ఆమెకు ఎలా చెప్పాలి?

15 జూన్, శనివారం

పంతొమ్మిది మంది. అబ్రాహాము గురించి చెప్పాను. గోడ సంగతి ఈసారీ రాలేదు.

ఆరాధన అయ్యాక సోమన్న ఉండిపోయాడు. అన్యుడు దేవుని ఇంటివాడు కావాలంటే పూర్వం ఏం చేసేవారని అడిగాడు. స్నానం, బలి, సున్నతి అని చెప్పాను. అది ఆ కాలపు మాట అని కూడా చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను.

22 జూన్, శనివారం

కడప సభలకు సోమన్నను వెంట తీసుకెళ్లాను.

పెద్దాయన నన్ను వేదిక మీదికి పిలిచి, డోన్ ప్రాంతానికి ఇతనే బోధకుడు అన్నారు. పందొమ్మిదేళ్ల సేవలో నన్ను ఎవరూ వేదిక మీదికి పిలవలేదు.

మధ్యాహ్నం భోజనాలు. నిబంధన గుర్తు, అంటే సున్నతి, తీసుకున్నవాళ్లకు లోపల హాల్లో, మిగిలినవాళ్లకు బయట పందిట్లో. నేను మార్చిలోనే కర్నూలులో చేయించుకున్నాను గనుక లోపల కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే సోమన్న కనిపించాడు. పందిరి నీడ చాలక ఎండలోనే కూర్చుని తింటున్నాడు. నావైపు చూశాడు. నేను పక్కాయనతో మాట్లాడుతున్నాను.

పూర్వం పేతురు కూడా అన్యులతో కలిసి తింటూ తింటూ, యెరూషలేము నుంచి మనుషులు రాగానే పంక్తి మార్చాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. ఇది ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. సంగతి వేరు.

తిరుగు బస్సులో, తిన్నావా అని అడిగాను.

"తిన్న్యా అయ్యగారూ. కూర బాగుండె." చాలా దూరం వచ్చాక అన్నాడు. "నాక్కూడా చేయించండి. ఊర్లో వాడ బయట. పనికాడ చెంబు బయట. దేవుని ఇంట్లో గూడా పందిట్లో కూచోలేను నేను."

గోడ పడిపోయిందని అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. బస్సులో జనం ఎక్కువ.

2 జూలై, మంగళవారం

సోమన్నను కర్నూలులో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. నాకు చేసిన ఆసుపత్రే. రక్తపరీక్షలో షుగర్ మూడు వందల అరవై. మాత్రలు సరిగా వేసుకోవడం లేదట. కాలివేళ్లలో స్పర్శ కూడా తగ్గింది. ఇప్పుడు కత్తి పెడితే పుండు మానదు, మూడు నెలలు మందులు వాడి రండి అని డాక్టరు గట్టిగా చెప్పాడు.



9 జూలై, మంగళవారం

సోమన్న భార్య హులిగెమ్మ ఇంటికి వచ్చింది. బాప్తిస్మం నాడు ఆమెకు హన్నా అని పేరు పెట్టాను. ఒక్కరోజు కూడా ఆ పేరుకు పలకలేదు. మాయమ్మ పెట్టిన పేరు, అదే ఉండనీయండి అంది.

అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆయప్ప నా మాట వినడు. మీరు చెప్తే వింటాడు. డాక్టరు వద్దన్యాడు గదా. మీరు గూడా వద్దని ఒక్క మాట చెప్పండి."

చెప్తానన్నాను.

"ఒట్టేనా?" అంది.

ఒట్టు పెట్టుకోవడం మనకు తగదమ్మా, చెప్తాను అన్నాను.

12 జూలై, శుక్రవారం

సోమన్న కనపడలేదు. చెప్పలేదు.

15 జూలై, సోమవారం

కడప పెద్దాయన ఫోన్ చేశారు. డోన్ నుంచి నీవొక్కడివేనా, ఇంకెవరూ ముందుకు రాలేదా అని అడిగారు. ఒకరు సిద్ధంగా ఉన్నారని చెప్పాను. పేరు అడిగితే చెప్పాను.

18 జూలై, గురువారం

సోమన్న పక్క ఊరికి పోయి, తురకవీధిలో సుంతీ చేసే మౌలాలి అనే ముసలాయన దగ్గర చేయించుకొని వచ్చాడట. నాకు వేరే పనులుండి ఈ రోజంతా తీరిక లేదు.

20 జూలై, శనివారం

సోమన్న లుంగీ కట్టుకొని, కాళ్లు ఎడంగా వేస్తూ వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ముందుకు పిలిచి శిమ్యోను అని పేరు పెట్టాను. చప్పట్లు కొట్టారు. ఆ ముఖంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. బాప్తిస్మం నాడు కూడా చూడలేదు. ఫోటో తీసి కడపకు పంపాను.

హులిగెమ్మ రాలేదు.

23 జూలై, మంగళవారం

సోమన్నకు జ్వరమట. ఫోన్‌లో ప్రార్థన చేశాను.

24 జూలై, బుధవారం

పోయి చూశాను. గది గడపలోనే వాసన వచ్చింది. వాపు తొడ దాకా పాకింది. చర్మం నల్లబారింది. హులిగెమ్మ తడిగుడ్డ పిండి ఆయన నుదుటి మీద వేస్తూ కూర్చుంది.

మా అమ్మాయి క్రిస్టినా కర్నూలులో నర్సు. ఫోన్‌లో చెప్తే, "ఇప్పుడే తీసుకరా నాయనా. ఒక్క గంట గూడా ఆగొద్దు" అంది. నిన్నటికంటే జ్వరం తగ్గినట్టుంది, రేపు పొద్దునకు చూద్దామని నేను అన్నాను. కర్నూలుకు తీసుకెళ్తే ఎవరు చేశారు, ఎవరు చేయమన్నారు అని అడుగుతారు. ఈ ఆలోచన వచ్చినట్టు ఇక్కడ రాయకపోతే ఇక ఈ పుస్తకం ఎందుకు?

25 జూలై, గురువారం

తెల్లవారేసరికి సోమన్నకు తెలివి లేదు. అంబులెన్సులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. కుళ్లిన చోటంతా కోసేశారు. రెండు మూడు రోజులు ముందే తెచ్చి ఉండాల్సిందని డాక్టరమ్మ అంది. ఇది మామూలుగా వచ్చిన పుండు కాదు కాబట్టి పోలీసులకు తెలపాలని కాగితం రాసింది.

క్రిస్టినా డ్యూటీ ముగించుకొని వచ్చింది. నన్ను వరండాలోకి పిలిచింది. "నీకు మత్తిచ్చి, పరీక్షలన్నీ చేసి, ఆపరేషన్ థియేటర్‌లో చేసినారు. ఆయప్పకు ఎవరింట్లోనో. అది తెల్సీ ఎట్ల ఊరుకున్న్యావు నాయనా?"

నాకు చెప్పకుండా పోయాడన్నాను. నమ్మినట్టే తలాడించింది.

27 జూలై, శనివారం

ఆరాధన జరపలేదు. ఆసుపత్రిలోనే ఉన్నాను.

మధ్యాహ్నం సోమన్నకు కాసేపు తెలివి వచ్చింది. హులిగెమ్మ నీళ్లకు పోయింది. నా చెయ్యి వెతుక్కున్నాడు.

"అయ్యగారూ, లోపలికొచ్చినానా?"

నువ్వు ఎప్పుడూ బయట లేవు సోమన్నా అనాలి. పదమూడేళ్ల కిందట బాప్తిస్మం నీళ్లలోంచి లేచిననాడే వచ్చేశావు అనాలి. గోడ లేదు, క్రీస్తు ఎప్పుడో పడగొట్టేశాడు, నేనే నీకు మళ్లీ కట్టి చూపించాను అనాలి. అవన్నీ నోటిదాకా వచ్చాయి. అంటే, మరి ఇదంతా ఎందుకు చేయించుకున్నాను అని అడుగుతాడు.

"వచ్చినావు" అన్నాను.

కళ్లు మూసుకున్నాడు.

28 జూలై, ఆదివారం

ఉదయం ఆరున్నరకు పోయాడు.

30 జూలై, మంగళవారం

నిన్న సమాధి చేశాం. శిలువ మీద శిమ్యోను అని రాయించనా అని అడిగాను. "సోమన్న అని రాయించండి. ఆ పేరు గలాయప్పనే నేను చేసుకున్న్యా" అంది హులిగెమ్మ.

కడప పెద్దాయన సందేశం పంపారు. నిబంధన కోసం ప్రాణం పెట్టిన శిమ్యోను సాక్ష్యాన్ని అన్ని మందిరాల్లో చదవాలట. నేను పంపిన ఫోటో కింద పెట్టి అందరికీ పంపుతున్నారు. అందులో సోమన్న నవ్వుతున్నాడు.



2 ఆగస్టు, శుక్రవారం

పోలీసులు మౌలాలి మీద కేసు రాశారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. స్టేషనుకు పిలిపించి అడుగుతున్నారట. "జబ్బులున్నాయా అని అడిగినా, లేవని పక్కనున్న పాస్టరే చెప్పినాడు" అని ఆయన అంటున్నాడట. ఎస్సై నన్ను పిలిచి అడిగాడు. ఆ రోజు నేను అక్కడ లేనన్నాను. రాసుకున్నాడు. సంతకం పెట్టాను.

బజారులో ఆ ముసలాయన గురించి, ఆయన వీధి గురించి చాలా చెడ్డగా మాట్లాడుతున్నారు. మన మనిషిని చంపేశాడు అంటున్నారు. సోమన్న బతికుండగా మన మనిషి అని ఒక్కనాడూ అనని నోళ్లు.

4 ఆగస్టు, ఆదివారం

హులిగెమ్మ ఇంటికి పోయాను, ఆమె ఏమనుకుంటోందో చూద్దామని. ఆమెకు నా మీద అనుమానం ఉంటే పోగొట్టాలనుకున్నానేమో కూడా.

పొయ్యి ముందు కూర్చుని జొన్నపిండి తడుపుతోంది. తలెత్తకుండానే చెప్పింది. "ఆ ముసలాయన్ను ఏమీ అనొద్దని చెప్పండి పోలీసోళ్లకు. ఆయన అడిగినాడంట, షుగర్ ఉండాదా అని. మా ఆయప్పే లేదని చెప్పినాడంట."

"ఎవరు చెప్పారు?"

"మా ఆయప్పే చెప్పినాడు, జ్వరం వచ్చినాక. అయ్యగారు నా పక్కన లేడు, నేనే అబద్ధం చెప్పినా, అయ్యగారిని ఒక్క మాట అనొద్దు అన్యాడు. అనను అని చేతిలో చెయ్యేసి చెప్పినా. అందుకే మిమ్మల్ని ఏమీ అనలా." పిండిలో చెయ్యి ఆగింది. "అనాలని ఉండె."

నేను లేచి వచ్చేశాను.

5 ఆగస్టు, సోమవారం

పద్దెనిమిదో తేదీన ఏం జరిగిందో ఇప్పుడు రాస్తాను.

నేనే తీసుకెళ్లాను. నా బండి మీదే. మౌలాలి ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం వేసి ఉంది. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని సోమన్నను కిందికీ పైకీ చూశాడు. ఇంత పెద్దవాళ్లకు చేసి శానా ఏండ్లయింది, ఆసుపత్రికి పొమ్మని చెప్పాడు. నేను బతిమాలాను. దేవుని పని అన్నాను. చివరికి ఒప్పుకున్నాడు. చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"బీమారీ ఏమన్నా ఉండాదా అప్పా? షుగర్ ఉందంటే నేను చెయ్యి పెట్టను, ముందే చెప్పండి."

సోమన్న నావైపు చూశాడు. ఉందని నేను అంటే ఉందని అనేవాడు. అంతే. నేను ఏం చెప్తే అదే నిజమనుకొని పదమూడేళ్లు బతికినవాడు.

కడపకు పేరు ఇచ్చేశాను. అదొక్కటే అప్పుడు నా తలలో ఉంది.

"ఏం లేదు తాతా. గట్టోడు" అన్నాను.

కత్తి పెట్టినప్పుడు అతని భుజాలు పట్టుకున్నది నేనే. ఒక్కసారే అమ్మా అన్నాడు.

తర్వాత, పోతూ పోతూ నా కోసం అబద్ధం ఆడాడు. నన్ను దాచిపెట్టాడు. నేను బయటి ఆవరణలో చుక్క పెట్టి చూపించిన మనిషి.

8 ఆగస్టు, గురువారం

విశ్వాసమ్మకు చెప్పాను. అన్నం తింటున్నది చెయ్యి కడిగేసుకుంది. "నాకు తెల్సు" అంది. "ఆ పొద్దు మీ చొక్కా నేనే గదా ఉతికింది. నెత్తురు మరకుండె. మీరే చెప్తారని చూస్తాన్నా. ఇన్ని దినాలు పడుతుందనుకోలా."

నేను చెప్పకపోతే ఆమె చెప్పేదా అని అడిగాను.

"రేపటి దాకా చూసేదాన్ని" అంది.

11 ఆగస్టు, ఆదివారం

శనివారం కాదు, ఆదివారం రమ్మని అందరికీ కబురు పెట్టాను. కూలికి పోయేవాళ్లంతా వచ్చారు. వంద మంది దాకా ఉన్నారు. మందిరం చాలక కొందరు వాకిట్లో నిలబడ్డారు. మౌలాలి కొడుకు కూడా వచ్చి తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలుచున్నాడు. హులిగెమ్మ ఆడవాళ్లలో వెనక కూర్చుంది.

ప్రసంగపీఠం దగ్గరకు పోలేదు. కింద నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. డాక్టరు మాట, కడపకు ఇచ్చిన పేరు, తాత అడిగింది, నేను అన్నది. ఎస్సై ముందు పెట్టిన సంతకం. ఆసుపత్రిలో సోమన్న అడిగిన మాట, నేను ఇచ్చిన బదులు. అన్యులు నమ్మిన దినానే దేవుని ఇంటివాళ్లయ్యారని, పందిరి వేసింది దేవుడు కాదు మేమని చెప్పాను. అది తొమ్మిది వారాల కిందట చెప్పాల్సిన మాట. అప్పుడు పది నిమిషాలు పట్టేది.

హులిగెమ్మ లేచి మెల్లగా ముందుకు వచ్చింది.

"వద్దని చెప్పమని మీ ఇంటికాడికి వచ్చింటి. చెప్తానన్యారు. చెప్పినారా?"

"లేదమ్మా."

"మీరు లేదంటేనే ఆ తాత చేసినాడు."

"అవును."

"మా ఆయప్ప నాకు అబద్ధం చెప్పి పోయినాడు. ముప్పై ఏండ్లలో అదొక్కటే." అందరివైపు తిరిగింది. "విన్యారు గదా అందరూ."

నన్ను క్షమించమని అడగాలని వచ్చాను. ఆమె ముఖం చూశాక ఆ మాట అడగడం కూడా ఆమె నుంచి ఇంకొకటి తీసుకోవడమే అనిపించింది. అడగలేదు. ఆమె తలుపు దగ్గర ఆగి మౌలాలి కొడుకుతో ఏదో అంది. అతను తల వంచాడు. ఇద్దరూ కలిసే వీధిలోకి పోయారు.

ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఒకాయన నా ముందు ఉమ్మి వేశాడు. ఒక అవ్వ నా తల మీద చెయ్యి పెట్టి పోయింది. రెండూ సమానంగా బరువుగా ఉన్నాయి.

మందిరం తాళంచెవి సంఘ పెద్దలకు ఇచ్చేశాను. ఇక నేను ఎక్కడా బోధించను. కడపకు ఫోన్ చేసి, ఆ ఫోటో తీసేయమని, ఆ సాక్ష్యం అబద్ధమని చెప్పాను. పెద్దాయన ఫోన్ పెట్టేశారు.

రేపు ఉదయం స్టేషనుకు పోయి నా వాంగ్మూలం మార్చి రాయిస్తాను. మౌలాలిని వదిలేస్తారు. నన్ను ఉంచుకుంటారేమో. విశ్వాసమ్మ తానూ వస్తానంది. వద్దన్నాను. రెండు జతల బట్టలు మడిచి సంచిలో పెడుతోంది. ఒక జత నాది, ఒక జత ఆమెది.